అడుగుజాడలూ, నడుముకు కట్టిన చీపురూ

మా ఏడో తరగతి పిల్లలకు పంచమని పైనుంచి ఒక కాగితం వచ్చింది. ‘మీ ఇంటి కర్బన పాదముద్రను తగ్గించుకోండి’ అని పెద్దక్షరాలు. కింద పది ప్రశ్నలు. ఏసీ ఎన్ని గంటలు వేస్తారు? కారులో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? విమానం యేడాదికి ఎన్నిసార్లు ఎక్కుతారు? స్నానానికి షవరా, బకెట్టా? మాంసం వారానికి ఎన్ని రోజులు?

గౌలిగూడలో మూసీ వైపు రేకుల ఇంట్లో వుండే పిల్ల ఒకతి ‘లేదు, లేదు, లేదు’ అని రాసుకుంటూ పోయి మాంసం దగ్గర ఆగింది. “ఆదివారం పెద్దకూర తింటం టీచర్. బంద్ చేయాల్నా?” అని అడిగింది. ఆ రోజు ఆ పిల్లకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను.

అడుగుజాడల లెక్క మనకు కొత్త కాదు. పీష్వాల పూనాలో అంటరానివాడు నడుముకు చీపురు కట్టుకుని, తను నడిచిన దుమ్ము తనే వూడ్చుకుంటూ పోవాలి. ఆ దుమ్ము తొక్కితే హిందువుకు మైల! బాబాసాహెబ్ 1936లో ‘కుల నిర్మూలన’లో యీ సంగతి రాశాడు. అప్పుడు మన అడుగు కనబడగూడదన్నారు. ఇప్పుడు అదే అడుగును టేపు పెట్టి కొలుస్తున్నారు.

ఈ పాదముద్ర మాటను ఇంటింటికీ మోసింది యెవరో తెలుసా? చమురు అమ్ముకునే బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ. 2000ల దశకం మధ్యలో ప్రకటనలు గుప్పించి, ఎవరి లెక్క వాళ్ళు వేసుకోండని జనానికి ఒక లెక్కల పట్టీ కూడా యిచ్చింది. భూమిలోంచి తోడేది వాడు, అమ్మేది వాడు, లాభం వాడిది. పాపం మాత్రం పొయ్యి వెలిగించిన ఆడమనిషిది! మన ప్రధాని కూడా 2021లో గ్లాస్గో సభలో ‘లైఫ్’ అని పిలుపునిచ్చి, 2022 అక్టోబర్‌లో గుజరాత్ కేవడియాలో దాన్ని ప్రారంభించారు. ఆనకట్ట పేరు మీద ఆదివాసుల భూములు పోయిన చోటు అది. అక్కడ నిలబడి అలవాట్లు మార్చుకోండన్నారు. ఎవరి అలవాట్లు?

ఆక్స్‌ఫామ్ లెక్క చూడండి. 2019లో ప్రపంచంలో వెలువడిన కర్బనంలో సగం, పైనున్న పది శాతం ధనికులది. కిందనున్న సగం జనాభా వాటా 8 శాతం. దేశాల మధ్య వున్న తేడానే మన వీధుల మధ్యా వుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు 10 యూనిట్లు కాలుతుంది. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది గనక యూనిట్‌కు 700 గ్రాముల చొప్పున 7 కిలోల బొగ్గుపులుసు వాయువు. ఆ పిల్ల ఇంట్లో ఫ్యాను రాత్రంతా తిరిగితే ముప్పావు యూనిట్, అంటే అర కిలో. ఇద్దరికీ ఒకటే కాగితమట!

ఇక కూర సంగతి. పశువు నెమరేస్తే మీథేన్ వస్తుంది, అబద్ధం కాదు. కానీ మన దేశంలో పశువుల్ని ముఖ్యంగా పెంచేది పాలకు. పాలిచ్చే బర్రె నెమరెయ్యదా? కిలో చీజ్ వెనకున్న కర్బనం కిలో కోడికూర కన్నా ఎక్కువ. మరి ఆ పది ప్రశ్నల్లో నెయ్యి యేది? చీజ్ యేది? అభిషేకాలకు పోసే పాలేవి? సైన్సు పేరు చెప్పి మడిని మళ్ళీ బడిలోకి తెస్తున్నారు. కాబట్టి బిడ్డా, మీ ఆదివారం కూర మీరు తినండి.

ఇంతవరకు చదివి మనవాళ్ళు కొందరు, “పర్యావరణం అగ్రకులాల కాలక్షేపం, మనకెందుకు” అంటారు. నేను వొప్పుకోను. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి మన పక్కనున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్ళొచ్చాయి. ముందు మునిగింది నది వొడ్డు బతుకులే గాని జూబ్లీహిల్స్ కాదు. మే నెలలో రేకుల కింద పడుకుని చూస్తే తెలుస్తది యెండ యెవరిదో. ఇది మన సమస్యే. అందుకే ప్రశ్నల కాగితం మనం రాయాలి.

నా సంగతీ చెప్పుకోవాలి. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీని. జీతమొస్తున్నది, పోయిన వేసవిలో ఏసీ పెట్టించిన. అంటే నేనిప్పుడు ఆ పిల్ల వరుసలో లేను, కాగితం రాసినోళ్ళ వరుసలో వున్నాను. తగ్గించుకోవాల్సింది నేను. 26 మీద పెట్టి పైన ఫ్యానేస్తున్న. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థే చెప్తుంది. బడికి సిటీ బస్సులోనే పోతున్న. పిల్లలకు ఫ్రిజ్ కొనాలనుకునే పక్కింటామెకు మాత్రం వద్దని చెప్పను. ఆమె యిన్నాళ్ళూ మిగిల్చింది చాలు.

ఆ పదింటిలో లేనిది, వుండాల్సింది చెత్త. మా అమ్మ యీ నగరం రోడ్లు వూడ్చింది. ఒకసారి యెవరో అన్నంలో కలిపి పారేసిన గాజుపెంకు గుచ్చుకుని అరచేయి తెగింది. ఎవరి ఇంటిదన్నది యిప్పుడు అనవసరం, అన్ని ఇళ్ళదీ అదే పద్ధతి. తడి చెత్త, పొడి చెత్త కలిపి గుట్టపోస్తే లోపల గాలాడక కుళ్ళి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కన్నా పాతిక రెట్లకు పైగా వేడి పెంచుతుంది. వేరుచేసే బాధ్యత ఇంటివాళ్ళదేనని 2016 నియమాలు చెప్పాయి. నాలుగంతస్తుల్లో యెంతమంది చేస్తున్నారు? తొక్కలు ఒక బకెట్లో, కవర్లు ఒక సంచిలో వెయ్యడానికి ఖర్చేమిటి? పైసా కాదు. తన ఎంగిలి తను ముట్టుకోవాలి, అంతే. అదే చేతకాదు. ముట్టుకునే కులం ఒకటుందిగా, పొద్దున్నే బండి తెస్తుంది! ఆ బండి దగ్గర మన ఆడవాళ్ళు వుత్తచేతులతో వేరుచేస్తుంటే, ఇంటాయన లోపల కూర్చుని పిల్లవాడి పాదముద్ర లెక్కేస్తుంటాడు.

కాగితం వెనక్కి పంపేటప్పుడు నేను పదకొండో ప్రశ్న చేత్తో రాశాను: ‘మీ ఇంటి చెత్తను చేత్తో వేరుచేసేది యెవరు? వారికి మీరు గ్లౌజులు కొనిచ్చారా?’ వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశంలో కూడా యిదే అడుగుతున్నాను. గౌలిగూడ, పుత్లీబౌలి బళ్ళలో పనిచేసే మన టీచర్లు మీమీ కాగితాల మీదా రాసి పంపండి.