శిలాఫలకం అక్కర్లేని కుళాయి

ప్రతి ఏడాదీ అక్టోబరు 15న ప్రపంచ చేతుల శుభ్రత దినం. 2008 నుంచీ జరుపుతున్నారు. ఆ రోజు మన గ్రూపులన్నిటిలో పోస్టర్లు తిరుగుతాయి. సబ్బు ఎలా రుద్దాలి, వేళ్ళ సందుల్లో ఎలా కడగాలి, 20 సెకన్లు ఎలా లెక్కపెట్టాలి అని బొమ్మలు వేసి మరీ చెబుతారు. ఆ బొమ్మల్లో కుళాయి మాత్రం ధారగా పారుతూనే ఉంటుంది. బిందె నీళ్ళతో రోజంతా గడిపే ఇంట్లో ఏం చెయ్యాలన్న మాట వాటిలో కనిపించదు.

ఇదేదో కొద్దిమంది కష్టం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన లెక్క ప్రకారం, 2020లో ప్రతి పదిమందిలో ముగ్గురికి ఇంట్లో సబ్బూ నీళ్ళూ రెండూ ఉన్న చేతులు కడుక్కునే చోటు లేదు. అంటే దాదాపు 230 కోట్లమంది.

చెంబు ఉందిగా అంటారా? చెంబుతో ఒక చిక్కుంది. ఒక చేత్తో చెంబు పట్టుకుంటే రెండు చేతులూ కలిపి రుద్దుకోలేం. పైగా మురికి చేత్తో పట్టుకున్న చెంబునే కడిగిన చేత్తో మళ్ళీ పట్టుకోవాలి. అదే చెంబు తొట్టిలో ముంచితే ఆ మురికి తొట్టిలోకీ చేరుతుంది. అందుకే మన ఇళ్ళల్లో ఒకరు నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు కడుక్కునేవారు. ఇంట్లో సరే, మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టగానే పరిగెత్తుకొచ్చే వందమంది పిల్లలకి ఎవరు పోస్తారు?

దీనికి జవాబు 1980లలో జింబాబ్వేలో దొరికింది. డాక్టర్ జిమ్ వాట్ పేరు చెబుతారు. మొదట్లో ఎండిన సొరబుర్రతో చేసేవారు, తర్వాత ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. దాని పేరు టిప్పీ టాప్. రెండు పంగల కర్రలు పాతి, వాటిమీద అడ్డకర్ర పెట్టి, 5 లీటర్ల డబ్బాని వేలాడదీస్తారు. డబ్బాకి పైభాగంలో మేకుతో చిన్న చిల్లు పెడతారు. డబ్బా మెడకి కట్టిన తాడు రెండో కొసని నేలమీద ఉన్న కర్రకి కడతారు. ఆ కర్రని కాలితో తొక్కితే డబ్బా వంగి సన్నటి ధార పడుతుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. పక్కనే తాడుకి సబ్బు. కింద గులకరాళ్ళు పరిస్తే బురద అవదు.

ఇక్కడ మనం మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో చెయ్యి పెడితే నీళ్ళొచ్చే సెన్సర్ కుళాయి చూసి ముచ్చటపడతాం. రెండిటిలోనూ తెలివి ఒకటే: కడిగిన చెయ్యి మళ్ళీ దేన్నీ తాకక్కర్లేదు. ఒకదానికి కరెంటూ పైపులూ కావాలి, ఇంకోదానికి కాలు చాలు.

మనిషికి 40 మిల్లీలీటర్లు చాలని దీన్ని ప్రచారం చేసేవాళ్ళ లెక్క. పిల్లలు కదా, 100 వేసుకుందాం. అప్పుడైనా ఒక డబ్బా 50 మందికి వస్తుంది. మగ్గుతో అయితే అర లీటరు ఇట్టే అయిపోతుంది, అంటే అవే నీళ్ళు పదిమందికే.

అలాగని దీన్ని ఆకాశానికెత్తను. తాడు తెగుతుంది, డబ్బా ఎండకి పెళుసెక్కి పగులుతుంది, సబ్బు మాయమవుతుంది. సబ్బుకి ఒక ఉపాయముంది: చిన్న ప్యాకెట్ బట్టల సబ్బు పొడి లీటరున్నర నీళ్ళలో కలిపి, మూతకి చిల్లు పెట్టిన సీసాలో పోసి కట్టెయ్యడమే. సబ్బు నీళ్ళని ఎవరూ జేబులో వేసుకుపోరు.

అసలు ప్రశ్న ఇంకోటుంది. డబ్బా ఖాళీ అయితే నింపేదెవరు? ఇంట్లో అమ్మో, ఆడపిల్లో. బడిలో వంట చేసే ఆయమ్మ. కొలత తెలిసినవాళ్ళూ మోసేవాళ్ళూ వాళ్ళే, కానీ డబ్బా ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తులో కట్టాలో వాళ్ళని అడిగేవాళ్ళు తక్కువ. బోరుకి దూరంగా కడితే ఆవిడకి రోజూ ఇంకో నాలుగు బిందెల చాకిరీ.

మన ఊరి బడికి ఏదైనా చెయ్యాలనుకున్నప్పుడు మనం పంపే డబ్బుతో సాధారణంగా వచ్చేవి పెద్ద సింకు, వరసగా స్టీలు కుళాయిలు, పైన పేర్లతో శిలాఫలకం. ట్యాంకులో నీళ్ళుంటే మంచిదే. కానీ వేసవిలో బోరు ఎండే ఊళ్ళో ఆ కుళాయిలు ఎన్ని రోజులు పారతాయి?

నా మాట ఒక్కటే. డబ్బు పంపేముందు హెడ్‌మాస్టరుతో పాటు ఆయమ్మకీ ఫోన్ చేద్దాం. "నీళ్ళెక్కణ్ణుంచి తెస్తున్నారమ్మా? మార్చి తర్వాత ఎలా?" అని అడుగుదాం. నీళ్ళకి కటకట అని ఆవిడ చెబితే సింకు మాట పక్కనపెట్టి నాలుగు డబ్బాలు కట్టిద్దాం. మిగిలిన డబ్బు ఏడాది పొడవునా సబ్బుకీ, తాడుకీ, నీళ్ళు నింపినందుకు ఆవిడకి నెలనెలా ఇచ్చేదానికీ ఉంచుదాం. నింపే వంతు మగపిల్లలకీ వెయ్యమందాం. దీనిమీద పేరు చెక్కించుకోవడానికి చోటుండదు, నిజమే. ఆ పిల్లలు అన్నానికి కూర్చునేముందు చేతులు కడుక్కుంటారు, మనకి కావలసింది అదేగా!