వేలి కొసల కబురు



కోటబొమ్మాళి సంతలో టమాటాలు ఏరుతున్న తల్లిని ఎప్పుడైనా గమనించారా? చూపు త్రాసు మీద, మాట పక్కనున్న వదినతో. వేళ్లు మాత్రం తమ పని తాము చేసుకుపోతుంటాయి. కుళ్లినదాన్ని పక్కన పెడతాయి, పండినదాన్ని చితక్కుండా పట్టుకుంటాయి. ఎంత బిగించాలో వాటికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ చిన్న పనిని కంప్యూటరులో కల్పించడానికి శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమించారు. తెర మీది బొమ్మ కంటికి కనబడుతుంది గాని చేతికి తగలదు కదా! 1990ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో థామస్ మాసీ, కెన్నెత్ సాలిస్‌బరీ అనే ఇద్దరు 'ఫాంటమ్' అనే పరికరాన్ని తయారుచేశారు. దర్జీ పెట్టుకునే తొడుగు వంటిదానిలో వేలు ఉంచాలి. బొమ్మ వస్తువు ఉన్న చోటికి వేలు చేరగానే, చిన్న మోటార్లు దానిని వెనక్కు నెడతాయి. అక్కడ ఏమీ లేకపోయినా ఏదో తగిలినట్టే ఉంటుంది. బొటనవేలికొకటి, చూపుడువేలికొకటి అమర్చితే, లేని వస్తువును పట్టి ఎత్తినట్టే అనిపిస్తుంది. దీనికోసం కంప్యూటరు సెకనుకు సుమారు 1000 సార్లు లెక్క కట్టాలి! ఇటువంటి పరికరాల మీద వైద్యులు శస్త్రచికిత్సలు అభ్యాసం చేస్తున్నారు.

పట్టుకోవడం ఇంత కష్టమెందుకు? స్వీడన్ శాస్త్రజ్ఞులు జొహాన్సన్, వెస్ట్లింగ్ 1984లో చూపినదేమంటే, వస్తువు జారబోతుండగానే చర్మం కబురు పంపుతుంది, మనం అనుకొనేలోపే చేయి బిగుస్తుంది. వేలికొసలకు మత్తుమందు ఇస్తే ఆ కబురు అందదు. అప్పుడు మనిషి అవసరానికి మించి బిగించి పట్టుకుంటాడు.

కుష్ఠువ్యాధి నరాలను పాడుచేసినప్పుడు జరిగేదీ ఇదే. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకసారి తుప్పుపట్టిన తాళం తీయలేకపోయారు. చేతులు మొద్దుబారిన ఒక కుర్రవాడు తాళంచెవి అందుకొని తిప్పేశాడు. తాళం వచ్చింది గాని, చెవి అతని వేలిని ఎముకదాకా కోసింది. వానికి తెలియనే లేదు! రోగుల వేళ్లు పాడయ్యేది చాలామట్టుకు ఇలాంటి తెలియని గాయాలవల్లనే అని బ్రాండ్ గ్రహించారు.

తరువాత అమెరికాలోని కార్విల్‌లో ఆయన బృందం ఒత్తిడిని కనిపెట్టే చేతి తొడుగులు తయారుచేసింది. ఒత్తిడి మించితే మొదట చెవిలో శబ్దం, తరువాత విద్యుత్ షాకు. కాని బలంగా పనిచేయాలనుకున్న రోగి స్విచ్చి కట్టేసుకొని పని కానిచ్చేవాడు. చివరకు ఆ ప్రయత్నం మానుకొన్నారు. మన చర్మానికి అటువంటి స్విచ్చి లేకపోవడమే మనకు రక్షణ.

కాబట్టి ఇంట్లో ఎవరి ఒంటిమీదనైనా పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ కనబడి, అక్కడ స్పర్శ తెలియకపోతే, నొప్పి లేదుగదా అని ఊరుకోవద్దు. నలుగురూ ఏమనుకుంటారోనని దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. వ్యాధినిబట్టి 6 లేదా 12 నెలలు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఆలస్యంచేస్తే వ్యాధి పోయినా, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. ఈ రాత్రి దీపం వెలుగులో మీ పిల్లల వీపు, చేతులు, కాళ్లు ఒకసారి చూడండి.