తొక్కినవాడు సరే, అమర్చినవాడి మాటేమిటి?

పాత బుల్లెట్ ఉన్న ఇంట్లో దాని తాళం అడిగినవాడికల్లా ఇవ్వరు. బండి మీద మమకారం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉంటాయి. హీరో హోండా మీద ఏళ్లతరబడి తిరిగిన కుర్రాడు సరదాపడి బుల్లెట్ ఎక్కుతాడు. సందు మలుపులో గేదె అడ్డం వస్తుంది. కుడికాలితో బలంగా తొక్కుతాడు. బ్రేకు పడదు, గేరు పడుతుంది. అదీ పై గేరు! ఎందుకంటే పాత బుల్లెట్‌లో మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఆగాలని తొక్కితే ముందుకు పొమ్మన్నట్టు లెక్క. చెయ్యి బ్రేకు గుర్తొస్తే సరే, లేకపోతే గేదెదే భారం.

ఇలాంటప్పుడు ఆ కుర్రాడికి బండి నడపడం రాదని ఎవరూ తీర్మానించరు. ‘ఆ బండి తీరే అంత, కాలికి అలవాటు కావాలి’ అంటారు. అంటే యంత్రం అమరికకూ కాలి అలవాటుకూ పొత్తు కుదరలేదని ఒప్పుకుంటారు.

కారు విషయానికి వచ్చేసరికి ఈ పెద్దమనసు మాయమవుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు స్తంభానికి గుద్దుకుంటుంది, లేదంటే రోడ్డు పక్క టిఫిన్ బండి మీదికి దూసుకెళ్తుంది. ‘బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడట’ అన్న ఒక్క ముక్కతో విచారణ ముగుస్తుంది. పెద్ద వయసువారైతే జాలి, కొత్తగా నేర్చినవారైతే నవ్వు, ఆడవారైతే వెక్కిరింత. 2025 సెప్టెంబరులో ఢిల్లీ నిర్మాణ్ విహార్‌లో కొత్త కారు తీసుకోవడానికి వచ్చిన ఒక మహిళ నిమ్మకాయ తొక్కించబోయి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కడంతో బండి మొదటి అంతస్తులోని షోరూం అద్దాలు పగలగొట్టుకుని కింద రోడ్డు మీద పడింది. అదృష్టవశాత్తూ ప్రాణాలు దక్కాయి. దేశమంతా ఆ వీడియో చూసి నవ్వుకుంది. ఆగడానికీ దూసుకుపోవడానికీ ఒకే కాలు, ఒకే కదలిక, పక్కపక్కనే రెండు రేకులు ఎందుకు పెట్టారన్న ప్రశ్న ఎక్కడా పెద్దగా వినిపించలేదు.

ఈ అమరికను ఎవరూ శాస్త్రీయంగా పరీక్షించి ఖరారు చేయలేదు. అలా స్థిరపడిపోయింది, అంతే. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి పెడళ్లు మూడే అయినా వాటి పనులు వేరు. ఎడమది పూర్తిగా తొక్కితే తక్కువ గేరు, మధ్యది రివర్స్, కుడిది బ్రేకు. వేగం పెంచేది కాలు కాదు, స్టీరింగ్ కింద ఉన్న చిన్న మీట. అలాంటి కార్లు 1927 దాకా కోటిన్నర తయారయ్యాయి. 1920ల నాటి బెంట్లీల్లో యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడివైపున ఉండేవి. ఇప్పుడు మనకు తెలిసిన క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ వరుస 1916 నాటి కాడిలాక్ టైప్ 53లో కనిపించింది. 1922లో వచ్చిన చిన్న కారు ఆస్టిన్ 7 దాన్ని సామాన్యుల దాకా తెచ్చింది. ఆ వరుసే లోకమంతా పాకింది. అన్ని కార్లలో ఒకటే ఉండటం గొప్ప మేలు, కాదనలేం. కానీ అన్నిచోట్లా ఉన్నంత మాత్రాన అది మంచి అమరిక అయిపోదు.

పైకి అన్నదమ్ముల్లా కనిపించే ఈ రెండు పెడళ్లు లోపల వేరు వేరు జాతులు. బ్రేకు పెడల్ ఒక మీట. పలుగు కింద చిన్న రాయి ఎత్తుపెట్టి బండను కదిలించే కూలీకి తెలిసిన కిటుకే ఇందులోనూ ఉంది. రేకు నుంచి ఇరుసు దాకా ఉన్న పొడవు, ఇరుసు నుంచి తోపుడు కడ్డీ దాకా ఉన్న పొడవుకు సుమారు నాలుగైదు రెట్లు ఉంటుంది. కాలు 20 కిలోల బరువుతో తొక్కితే అవతల 100 కిలోల దాకా తోపు పుడుతుంది. దానికి వాక్యూమ్ బూస్టర్ సాయం తోడై, మాస్టర్ సిలిండర్లోని ఆయిల్ ద్వారా ఆ ఒత్తిడి నాలుగు చక్రాలకూ చేరుతుంది. ఇంజన్ ఆగిపోయాక బ్రేకు రాయిలా బిగుసుకున్నట్టు అనిపించేది ఆ బూస్టర్ సాయం తగ్గిపోవడం వల్లే.

యాక్సిలరేటర్ సంగతి అలా కాదు. ఒకప్పుడు దాని నుంచి కార్బ్యురేటర్ దాకా కేబుల్ ఉండేది, లాగితే ఆ బిగువు పాదానికి తెలిసేది. ఇప్పుడది ఒక స్ప్రింగు, రెండు సెన్సర్లు. రెండింటి లెక్కా కుదిరితేనే కంప్యూటర్ నమ్ముతుంది, తేడా వస్తే ఇంజన్ బలం తగ్గిస్తుంది. పాదం చెప్పిన మాట వైరులో వోల్టేజీగా పోతుంది. అయితే స్ప్రింగు ఒక్కటే ఉంటే పెడల్ మరీ తేలికై, గతుకుల రోడ్డు మీద కాలు వణికినప్పుడల్లా బండి కుదుపులు తింటుంది. అందుకని తయారీదారులు కావాలనే లోపల కొంత రాపిడి పెడతారు. కేబుల్ లేని పెడల్‌కు కేబుల్ ఉన్నట్టు నటన నేర్పుతారన్నమాట.

ఆ నటనే టయోటాకు ప్రాణం మీదికి తెచ్చింది. అమెరికాలో ఆ కంపెనీ వాడిన ఒక రకం పెడల్‌లో ఈ రాపిడి పుట్టించే భాగం అరిగి, తేమ చేరినప్పుడు పట్టేసేది. కాలు తీసినా పెడల్ ఆలస్యంగా పైకి లేచేది, కొన్నిసార్లు సగంలోనే నిలిచిపోయేది. 2010 జనవరిలో ఆ ఒక్క లోపానికే దాదాపు 23 లక్షల వాహనాలను వెనక్కి పిలిచారు. మరమ్మతు ఏమిటో తెలుసా? లోపల ఒక చిన్న ఉక్కు ముక్క ఇరికించడం.

అంతకు ముందు కథ ఇంకా ఘోరం. 2009 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు ఆగకుండా పోయి నలుగురు చనిపోయారు. నడిపింది అనుభవం లేని వ్యక్తి కాదు, హైవే పోలీసు అధికారి. ఆ కారులో వేరే మోడల్ వాహనానికి చేసిన మందపాటి రబ్బరు మ్యాట్ పరిచి ఉంది. యాక్సిలరేటర్ దానికి చిక్కుకుంది. తర్వాత లక్షల కార్లలో టయోటా చేసిన పనుల్లో ఒకటి, యాక్సిలరేటర్ పెడల్ కింది అంచును కోసి పొట్టి చేయడం! బ్రేకు తొక్కగానే ఇంజన్ బలం తగ్గిపోయే ఏర్పాటూ పెట్టింది. తప్పంతా ఎలక్ట్రానిక్స్‌ది కావచ్చని అనుమానం వస్తే నాసా ఇంజనీర్లతో వెతికించారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదికలో అలాంటి ఆధారం దొరకలేదన్నారు. నిజాలు దాచినందుకు 2014లో టయోటా అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టింది.

ఇదంతా పాతకథ అనుకునేవారు టెస్లా సైబర్‌ట్రక్‌ను చూడొచ్చు. 2024 ఏప్రిల్‌లో 3,878 బండ్లను వెనక్కి పిలిచారు. పెడల్ మీది రేకు సులువుగా ఎక్కాలని తయారీలో సబ్బు రాశారట. అది కాస్తా జారి, పైనున్న ప్యానెల్ కింద ఇరుక్కుని, యాక్సిలరేటర్ తొక్కినట్టే ఉండిపోయే ప్రమాదం తెచ్చింది. దానికి మందు ఒక రివెట్టు.

నిజమే, ఎక్కువ సందర్భాల్లో పెడల్ విరగదు, చిక్కదు, కాలే తప్పుతుంది. ఆడి 5000 కార్ల వ్యవహారం అదే చెప్పింది. వాటంతట అవే దూకుతున్నాయంటూ 1986లో సీబీఎస్ టీవీ కార్యక్రమం రేపిన దుమారానికి అమెరికాలో ఆడి అమ్మకాలు కుప్పకూలాయి. 1989లో ప్రభుత్వ నివేదిక ఆ ఘటనల్లో ఎక్కువభాగం కాళ్ల పొరపాట్లేనని తేల్చింది. కంపెనీ అభిమానులు అక్కడితో చదవడం ఆపేస్తారు. ఇంజన్ అప్పుడప్పుడు ఉన్నట్టుండి కాస్త రేజ్ అయి నడిపేవారిని ఉలిక్కిపడేట్టు చేసిందని, పెడళ్లున్న తీరు కూడా పొరపాటుకు దోహదం చేసి ఉండవచ్చని ఆ నివేదికే చెప్పింది. బ్రేకు మీద కాలుంటేనే పార్కింగ్ నుంచి గేరు కదిలే తాళం ఆ గొడవ తర్వాతే ఆటోమేటిక్ కార్లలో మామూలైంది. అంటే మనుషులను తిట్టి ఊరుకోలేదు, యంత్రాన్ని సరిదిద్దారు.

1989లోనే అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ ష్మిట్ ఈ పొరపాటు ఎలా జరుగుతుందో వివరించారు. మెదడు బ్రేకు అనే ఆజ్ఞాపిస్తుంది. పాదం రెండు మూడు అంగుళాలు పక్కకు పడుతుంది. ఎంచుకున్నది సరైనదే కాబట్టి తప్పు జరిగిందన్న అనుమానమే రాదు. బండి దూకుతుంది. బ్రేకు పడలేదనుకుని ఇంకా గట్టిగా తొక్కుతారు. తొక్కినకొద్దీ దూకుతుంది. బయట నిలబడి నవ్వేవారికి ఒక్క సెకను చాలాకాలం. లోపలున్నవారికి కాదు.

మన దగ్గర ఇప్పుడు ఆటోమేటిక్ కార్లూ ఎలక్ట్రిక్ కార్లూ పెరుగుతున్నాయి. ముప్ఫై ఏళ్లు గేర్ల బండి నడిపినవారి ఎడమకాలికి పని పోయింది. ఆటోమేటిక్‌లో బ్రేకు రేకు వెడల్పుగా, ఎడమకాలికి అందేంత దగ్గరగా ఉంటుంది. క్లచ్ అనుకుని ఆ కాలు పాత అలవాటున దిగితే కారు దబ్బున ఆగి, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఎలక్ట్రిక్ కార్ల ఒంటిపెడల్ పద్ధతి మరో మెలిక. యాక్సిలరేటర్ వదిలితే చాలు, బండి నెమ్మదిస్తుంది. దాంతో కాలు రోజంతా యాక్సిలరేటర్ దగ్గరే కాపురం పెడుతుంది, బ్రేకు దారి మరచిపోయే వీలు పెరుగుతుంది.

చట్టం దీన్ని గమనించినట్టే లేదు. మోటారు వాహనాల చట్టం మోటారు సైకిల్ లైసెన్సును గేర్లున్నవి, లేనివి అని విడదీసింది. కార్లకు ఆ తేడా లేదు. జపాన్ 1991 నుంచే ఆటోమేటిక్‌కు పరిమితమైన కారు లైసెన్సు ఇస్తోంది. అక్కడా పెడల్ పొరపాట్లు ఆగలేదు. 2018 నుంచి 2020 వరకు ఏటా సగటున 3 వేలకు పైగా ప్రమాదాలు జరిగాయి. 2019లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల వృద్ధుడి కారు ఒక తల్లినీ చిన్నారి కూతురినీ బలిగొంది. కారుదే లోపమని అతను వాదించినా, కోర్టు పెడల్ పొరపాటేనని తేల్చి శిక్ష వేసింది. ప్రభుత్వం అక్కడితో ఆగలేదు. 2028 సెప్టెంబరు నుంచి కొత్త మోడల్ ఆటోమేటిక్ కార్లలో ఈ పొరపాటును అడ్డుకునే పరికరం తప్పనిసరి చేస్తోంది. ఇందుకు ఐక్యరాజ్యసమితి వేదికపై 175వ నిబంధన కూడా వచ్చింది. ఆగి ఉన్న కారు ముందు మీటరు, మీటరున్నర దూరంలో అడ్డు ఉన్నప్పుడు ఎవరైనా యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కితే, బండి గుద్దకూడదు. గుద్దినా వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు. పార్కింగ్‌లో కుయ్‌కుయ్‌మనే సెన్సర్లు మన కార్లకూ ఉన్నాయి. వాటి మాట ఇంజన్ వినేట్టు చేయడమే మిగిలింది.

కుమమోతోకు చెందిన నరుసే మసుయుకి అనే పెద్దాయన ఇంకో దారి చూపించారు. ఆయన తయారుచేసిన పరికరంలో పాదం కిందికి తొక్కితే ఎప్పుడూ బ్రేకే. వేగం కావాలంటే పాదాన్ని కుడివైపుకు పక్కకు తిప్పి నెట్టాలి. కంగారులో మనిషి కాలు కిందికే దిగుతుంది కాబట్టి, కంగారు బ్రేకుగా మారుతుంది. ఇంత సూటైన ఆలోచనను పెద్ద కంపెనీలు అందుకోకపోవడం వింత. కోట్ల కాళ్లకు కొత్త అలవాటు నేర్పడం కష్టమన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది.

ఇక్కడ అంత సాహసం అక్కర్లేదు. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కార్ల భద్రతా నక్షత్రాల లెక్కలో గోడ ముందు యాక్సిలరేటర్ తొక్కే పరీక్షను చేర్చాలి. లైసెన్సు పరీక్ష గేర్ల బండి మీద పాసైనవారికి ఆటోమేటిక్ ఎక్కే ముందు ఒక్కపూట శిక్షణ ఇవ్వాలి. డ్రైవింగ్ స్కూలు కారులో గురువు కాళ్ల దగ్గర క్లచ్, బ్రేకు మాత్రమే ఉంటాయి. శిష్యుడు ఏది ఎక్కువ తొక్కుతాడో కారు మార్పించినవారికి ఏనాడో తెలుసు.

మ్యాట్ల సంగతికి చట్టం కూడా అక్కర్లేదు. కొత్త కారుకు కంపెనీ మ్యాట్ ఉండగానే దాని మీద షోరూంవారు బహుమతిగా ఇంకొకటి, విజయవాడ ఆటోనగర్‌లోనో మరోచోటో కొన్న మందపాటిది మూడోది పరుస్తారు. కింద హుక్కులు తగిలించారో లేదో ఎవరూ వంగి చూడరు. ఇంజన్ ఆపి, యాక్సిలరేటర్‌ను చేత్తో నేలదాకా నొక్కి వదిలితే అది మ్యాట్ అంచుకు తగులుతుందో లేదో తెలిసిపోతుంది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దేలోపు అయిపోయే పని.