చక్రాలు దించడం మరిచారంటే సరిపోతుందా?

2021 మే 6న ఒక రోగిని నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు తీసుకొస్తున్న ఎయిర్ అంబులెన్స్, బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ సీ-90, టేకాఫ్ సమయంలోనే ఒక చక్రాన్ని పోగొట్టుకుంది. దాన్ని ముంబయికి మళ్లించారు. రాత్రివేళ రన్‌వేపై నురుగు పరిచి, చక్రాలు వాడకుండానే విమానాన్ని పొట్టపై దించారు. లోపలున్న ఐదుగురూ క్షేమం.

మిగిలిన చక్రాలతో దిగితే మేలు కదా అనిపిస్తుంది. కానీ ఒకవైపు ఆధారం లేకపోతే, వేగం తగ్గి రెక్కల ఎత్తుడుబలం చాలనప్పుడు విమానం ఆ వైపు ఒరుగుతుంది. రెక్క నేలకు రాసుకుని విమానం గిర్రున తిరగొచ్చు. నాలుగు టన్నుల విమానం గంటకు 180 కిలోమీటర్ల వేగంతో దిగితే దాని గతిజ శక్తి దాదాపు 50 లక్షల జౌళ్లు. అదంతా రాపిడిలోనే ఖర్చు కావాలి. పొట్టపై జారితే ఆ రాపిడి రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడుతుంది.

ఇది తెలిసి చేసిన పని. తెలియకుండా జరిగేవి వేరు. చక్రాలు బాగానే ఉన్నా, వాటిని దించకుండానే దిగిన పైలట్లు ప్రపంచమంతటా ఉన్నారు. వార్తల్లో దానికి ఒకటే మాట: పైలట్ తప్పిదం. ఆ మాటతో విచారణ ముగిస్తే నేర్చుకోవలసింది అక్కడే ఆగిపోతుంది.

అసలు చక్రాలు ముడవడం ఎందుకు? గాలి నిరోధం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి. నెమ్మదిగా ఎగిరే చిన్న విమానాలకు ఆ లాభం తక్కువ. 2021 జనవరిలో ఇందిరాపురానికి దగ్గర్లోని హిండన్‌కు వస్తూ ఘాజియాబాద్ వద్ద ఎక్స్‌ప్రెస్‌వేపై అత్యవసరంగా దిగిన ఎన్‌సీసీ రెండు సీట్ల విమానం అలాంటిదే. దాని చక్రాలు ఎప్పుడూ బయటే ఉంటాయి, మరిచిపోయే అవకాశమే లేదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బీ-17 బాంబర్లు దిగాక, పైలట్లు ఫ్లాప్‌లకు బదులు చక్రాలను లోపలికి లాగేసేవారు. మనస్తత్వవేత్త ఆల్ఫాన్స్ చపానిస్ పైలట్లను తప్పుపట్టకుండా కాక్‌పిట్‌ను చూశారు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి! ఒకదానికి చక్రం ఆకారపు పిడి, రెండోదానికి రెక్క ఆకారపు పిడి తగిలించారు. నేటికీ చక్రాల మీట పిడి చక్రంలాగే ఉంటుంది.

హెచ్చరిక మోగుతుంది కదా అనొచ్చు. 2020 మే 22న కరాచీలో పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320 చక్రాలు లేకుండా రన్‌వేను తాకి, ఇంజన్లు నేలకు రాసుకున్నాక మళ్లీ పైకి లేచి కూలింది. విమానంలోని 99 మందిలో 97 మంది మరణించారు. హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. దించిన చక్రాలను పైలట్లే మళ్లీ పైకి లాగారు. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఫ్రెడెరిక్ దెహే బృందం సిమ్యులేటర్‌లో పైలట్లను పరీక్షించినప్పుడు, పని ఒత్తిడి ముదిరిన వేళ చక్రాల హెచ్చరికను చాలామంది గుర్తించనే లేదు. చెవి పనిచేస్తుంది, ధ్యాస మరోచోట ఉంటుంది. పరీక్ష రాస్తున్న పిల్లవాడికి పక్కింటి పెళ్లి బాజా వినబడనట్టే.

అందుకే దర్యాప్తు నివేదికలో ‘చెక్‌లిస్ట్ పాటించలేదు’ అన్న వాక్యం చాలదు. చివరి రెండు నిమిషాల్లో పైలట్ కళ్లు, చేతులు ఏ పనిలో ఉన్నాయి, ఆ సమయంలో కంట్రోల్ టవర్ ఏమడిగింది, హెచ్చరిక శబ్దం ఇంకే శబ్దంలో కలిసిపోయింది అన్నవి కూడా రాయాలి. కొత్త పైలట్లకు శిక్షణనిచ్చే ఫ్లయింగ్ స్కూళ్లకు పనికొచ్చేవి ఆ వివరాలే.