పాత రేడియోకు ఏ ఫిల్టర్?

చర్లలో మా పాత షార్ట్‌వేవ్ రేడియోలో పక్క స్టేషన్ చొరబడుతోంటే, ‘అన్నిటికన్నా సన్న ఫిల్టర్ వేయించు బాబాయ్’ అన్నారు కుర్రాళ్లు. నేనొప్పుకోను. రేడియో లోపలి 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్‌కు (మధ్యంతర పౌనఃపున్యానికి) సరిపడే మురాటా సీఎఫ్‌డబ్ల్యూ రకాల్లో ‘ఐ’ వెడల్పు దాదాపు 4 కిలోహెర్ట్జ్. అందులో సగం, అంటే 2 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని వినపడదు; శ, ష, స మసకబారతాయి. ‘హెచ్’ది సుమారు 6. వార్తలకు అదే మేలు. మీడియంవేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీది హైదరాబాద్ ఆకాశవాణీ ఆ ఫిల్టర్ గుండానే రావాలి. వరద వేళ మాకు ఆ వార్తలే ముఖ్యం: భద్రాచలం దగ్గర గోదావరికి మొదటి హెచ్చరిక 43 అడుగులు, మూడోది 53. 2022 జులైలో 71 దాటింది. కరెంటూ సిగ్నలూ పోయిన వేళ అడివంచు ఊళ్లో నలభై, యాభై తేడా స్పష్టంగా వినపడాలి. ఫిల్టర్ మార్చాక ఐఎఫ్ కాయిళ్లు కూడా తిరిగి సరిచేయించండి.