కోర్టుకెంత, తుపాకికెంత?

"యూఎస్‌ఎయిడ్ మూసేశారు, పీడా పోయింది. మన ట్యాక్సులు టెర్రరిస్టులున్న దేశాలకెందుకు?" బెంటన్‌విల్‌లో మనవాళ్లే ఈ మాటంటుంటే మాకు ఒళ్లు మండుతోంది.

అన్నా, అఫ్గానిస్తాన్ లెక్క చూడండి. పునర్నిర్మాణానికని ఇరవయ్యేళ్లలో అమెరికా పెట్టింది సుమారు 14,500 కోట్ల డాలర్లు. సగానికి పైగా సైన్యానికి, పోలీసులకే. పట్టీలో పేరుండి మనిషి లేని సిపాయిలకూ జీతాలెళ్లాయి! ఊళ్లో పొలం తగాదా వస్తే సర్కారు కోర్టులో లంచాలు, తిప్పటలు. తాలిబన్లు రోజుల్లో తీర్పు చెప్పేసేవాళ్లు. జనం ఎటు పోతారు? 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయింది.

శ్రీకాకుళంలో నక్సల్ ఉద్యమం లేచినప్పుడు మన సర్కారూ ముందు తుపాకులే దింపింది. కానీ ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం కూడా తెచ్చింది. తర్వాత ఐటీడీఏలొచ్చాయి. అమలు అంతంతమాత్రమే, కాదనం. అయినా భూమి పోయినోడు అర్జీ పట్టుకెళ్లడానికి ఒక ఆఫీసైతే ఉంది.

మనకిక్కడ ఓటు లేదు, ట్యాక్సుంది. సాయం ఎందుకని కాదు, కోర్టుకెంత ఇచ్చారు, తుపాకికెంత ఇచ్చారని అడుగుదాం.