గవర్నరు పదవియు నివాస నియమమును

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పశ్చిమతీరమందున్న ఓరిగన్ రాష్ట్రమున 2022వ సంవత్సరమున పుట్టిన యొక వివాదము మన పాఠకుల యాలోచనకు దగినది. నికొలస్ క్రిస్టాఫ్ అను ప్రఖ్యాత పత్రికారచయిత న్యూయార్కు పత్రికలో చిరకాలము పనిచేసి, 2021లో ఆ కొలువు విడిచి, తాను పెరిగిన ఓరిగన్ రాష్ట్రమునకు గవర్నరు కాదలచెను. అచ్చటి గవర్నరు మన గవర్నరు వంటివాడు కాడు. ప్రజలచే నేరుగా నెన్నుకొనబడి పరిపాలనను స్వయముగా నడుపువాడు. అధికారమున మన ముఖ్యమంత్రికి సాటి.

ఆ పదవిని గోరువాడు ఎన్నికకు వెనుకటి మూడేండ్లును ఆ రాష్ట్రవాసియై యుండవలెనని ఓరిగన్ రాజ్యాంగము విధించుచున్నది. ఆ లెక్కను 2019 నవంబరు నుండియు క్రిస్టాఫ్ అచ్చటివాడై యుండవలెను. యాంహిల్ అను పల్లెసీమలో అతని కుటుంబమునకు వ్యవసాయక్షేత్రము గలదు. భూమికి పన్ను చెల్లించుచునే యుండెను. తన మనస్సున అదియే యిల్లనియు వాదించెను. కాని 2020 నవంబరులో అతడు వోటు వేసినది న్యూయార్కులో! ఎన్నికల వ్యవహారములు చూచు రాష్ట్ర కార్యదర్శిని 2022 జనవరి 6వ తేదీన అతని అభ్యర్థిత్వమును నిరాకరించెను. ఫిబ్రవరి 17వ తేదీన రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును నిలిపెను. నివాసమనగా నిచ్చట స్థిరనివాసమే యని ధర్మాసనము తేల్చెను. ఇండ్లు ఎన్నియైన నుండవచ్చును, స్థిరనివాసము ఒక్కటియే.

ఈ మాట విని మనలో కొందరు భూస్వాములు ఉలికిపడవచ్చును. గోదావరీ కృష్ణా మండలములలో పొలములుండి, కాపురము హైదరాబాదునందు పెట్టినవారు తక్కువవారు కారు. కాని మన శాసనమును ఇదియే చెప్పుచున్నది. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము 20వ విభాగము ననుసరించి, ఒక నియోజకవర్గమున ఇల్లు కలిగియుండుట మాత్రముచేత నెవ్వడును అచ్చటి నివాసిగా ఎంచబడడు. ఊరిలో పాతయిల్లున్నంత మాత్రమున ఊరివాడు కాడన్నమాట.

అయితే ఈ నియమము అంతటను ఒకేతీరున నడచుచున్నదా యనిన, లేదు. మసాచుసెట్సు రాష్ట్రమున గవర్నరు కాగోరువానికి ఏడేండ్ల నివాసము కావలెను. మిట్ రోమ్నీ 1999లో ఒలింపిక్ క్రీడల నిర్వహణకై యూటా రాష్ట్రమునకు పోయెను. అచ్చటి యింటిని ప్రధాననివాసముగా చూపుటవలన అతనికి 54,000 డాలర్ల పన్ను మిగిలెను. ఆదాయపు పన్ను పత్రములలో యూటా వాసిగా వ్రాసికొని, పిదప దిద్దించుకొనెను. ప్రతిపక్షమువారు ఆక్షేపింపగా, 2002 జూనులో విచారణసంఘము ఏకగ్రీవముగా అతని పక్షమునే తీర్పు చెప్పెను. ఆ యేడే గవర్నరుగా నెన్నికయ్యెను. మసాచుసెట్సు నందలి పాతయిల్లు అతడు విడువలేదన్నది నిజమే. ఐనను ఒకని యుద్దేశమును నమ్మి, వేరొకని యుద్దేశమును నమ్మకపోవుటకు సామాన్యజనులకు కారణము కనబడునా? మనస్సులోని మాటను తూచు తక్కెడ ఏ న్యాయస్థానమునందును లేదు. వోటు మాత్రము జాబితాలో కాగితముపై నిలుచును. ఎవ్వడు ఏ గడ్డపై వోటు వేసెనో, ఆ గడ్డ మంచిచెడ్డలకు తానును బాధ్యుడనని ఒప్పుకొన్నట్లే. కావున నివాసమునకు గీటురాయి వోటే కావలెనని మా యభిప్రాయము. ఓరిగన్ తీర్పు ఆ మేరకు మాకు సమ్మతమే.

గడువు మాట వేరు. న్యూహాంప్‌షైరులో ఏడేండ్లు, మిస్సోరిలో పదేండ్లు! ఏడేండ్ల నియమమును 1973లో అమెరికా సుప్రీంకోర్టు చెల్లుననెను. అభ్యర్థి ప్రజల నెరుగుటకును, ప్రజలు అభ్యర్థి నెరుగుటకును కాలము కావలెనట. సరియే. కాని దానికి పదేండ్లు వలయునా? 1865లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట, తివాచీగుడ్డ సంచులతో ఉత్తరాదినుండి దక్షిణాదికి వచ్చి పదవు లందినవారిని అచ్చటివారు కార్పెట్‌బ్యాగర్లని తిట్టిపోసిరి. తిట్టినవారిలో నిన్నటివరకు బానిసల నేలినవారు పెక్కురు! పరాయివాడను మాట కొన్నివేళల పాతయజమానుల కోటగోడ యగును. మరియు ఓరిగన్ ప్రజలు క్రిస్టాఫ్‌ను త్రోసిపుచ్చలేదు. వారిని అడుగనే లేదు. ఇది చిన్న నష్టము కాదు. అందుచేత గడువు ఒక శాసనసభ పూర్తికాలమునకు మించరాదు. ఒక ప్రభుత్వము గద్దెనెక్కి దిగువరకు అచ్చట వోటరుగా నున్నవానికి ఆ రాష్ట్రపు కరవును వరదయు నెరుకపడును.

ఇక మన సంగతి. ముఖ్యమంత్రి కాదలచినవాడు శాసనసభలోగాని, శాసనమండలి యున్నచోట అందుగాని సభ్యుడు కావలెను. శాసనసభ్యుడగుటకు ఆ రాష్ట్రములో ఏదో యొక నియోజకవర్గపు వోటర్ల జాబితాలో పేరున్న చాలును. ఎన్నాళ్లనుండి యున్నదని యడుగు నిబంధన లేదు. సభ్యుడు కానివాడును ఆరు నెలలు మంత్రిగా నుండవచ్చును. రాజ్యసభకు ఆ పాటి బంధమును 2003లో పార్లమెంటు తెంపివేసెను. 2006లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. గవర్నరునకు 157వ అధికరణము పౌరసత్వమును, 35 ఏండ్ల వయస్సును మాత్రమే కోరును. అతడు పాలించువాడు కాడు గనుక పొరుగురాష్ట్రమువాడైనను చిక్కులేదు.

వింతయేమనగా, మనము నివాసమునుగూర్చి పోరాడకపోలేదు. 1957 చట్టము క్రింద తెలంగాణమున చిన్న సర్కారు కొలువులకు 15 ఏండ్ల నివాసము నడుగుచుండిరి. 1969లో సుప్రీంకోర్టు ఆ విభాగమును కొట్టివేసెను. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుననెను. ఉద్యమములు రేగెను, ప్రాణములు పోయెను. 1973లో రాజ్యాంగమునే సవరింపవలసి వచ్చెను. గుమాస్తాను పదునైదేండ్ల లెక్క యడిగిన దేశము, ఆ గుమాస్తా దస్త్రముపై తుది సంతకము చేయు ముఖ్యమంత్రిని ఒక్కయేటి లెక్కయైన నడుగలేదు.

ముఖ్యమంత్రి పదవి స్వీకరించువాడు వెనుకటి అయిదేండ్లును ఆ రాష్ట్రపు వోటర్ల జాబితాలో నుండవలెనని 164వ అధికరణమున ఒక వాక్యము చేర్పవచ్చును. ఆరు నెలల వెసులుబాటు చెప్పు నాలుగవ ఉపవిభాగము ప్రక్కనే దానికి చోటు గలదు.